వేరే గిన్నె

"నోరు తెరువు."

తెరిచింది.

"నాలుక పైకెత్తు."

ఎత్తింది. భర్త సెల్‌ఫోన్ లైటు వేసి మరీ లోపలికి తొంగిచూశాడు. ఏ బిల్డింగులో లిఫ్టు మొరాయించినా వెళ్ళి బాగుచేసేది ఈయనే. ఆగిపోయిన లిఫ్టు గుంటలోకి ఎలా చూస్తాడో పెళ్ళాం నోట్లోకీ అలాగే చూశాడు, లోపల ఎక్కడో ఏదో ఇరుక్కుని ఉంటుందన్న గట్టి నమ్మకంతో.

"మింగానండీ," అందామె. మాట ముద్దముద్దగా వచ్చింది.

"మింగేదానివైతే ఇలా ఎందుకుంటావు? ఆ చేతులు చూసుకో."

చూసుకోనక్కర్లేదు. ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నా ఆగడం లేదు. ఒళ్ళోని తువ్వాలు కూడా వాటితోపాటే వణుకుతోంది.

నిన్న మధ్యాహ్నం ఆ చేతులతోనే కళ్ళద్దాల షాపులో ట్రే నిండా ఉన్న అద్దాలు కింద పడేసింది. షాపు వెనక గదిలో కూచుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ముక్కలు ఏరడానికి లేవబోయి తూలింది. ఓనరు కంగారుపడి టాక్సీ ఎక్కించి పంపించేశాడు. ఆమె టాక్సీ దిగుతుంటే గుమ్మంలో మొగుడూ అత్తగారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. మళ్ళీ 'ఎక్కువ'య్యిందని దానర్థం.

ఆ ఇంట్లో జబ్బు పేరు ఎవరూ పలకరు. బైపోలార్ అన్న మాట డాక్టరమ్మ గదిలోనే ఉండిపోయింది, ఇంటిదాకా రాలేదు. ఇంట్లో ఉన్నవి రెండే మాటలు, ఎక్కువ, తక్కువ. రెండేళ్ళ కిందట 'ఎక్కువ' వచ్చినప్పుడు ఆమె నిద్రన్నదే మానేసింది. తెల్లారుజామునే లేచి హాలు గోడలకి రంగులు వేసింది. ఇంట్లో ఉన్న మంచి వస్తువులన్నీ ఇరుగుపొరుగుకి పంచిపెట్టింది. చివరికి అత్తగారు తన కూరలో ఏదో కలుపుతోందని వీధిలోకి వెళ్ళి నలుగురిలో అరిచింది. ఆ తర్వాత 'తక్కువ' వచ్చింది. గోడవైపు తిరిగి పడుకుంది, అంతే. తల దువ్వుకోవడానికి కూడా లేవలేదు. లిథియం మాత్ర పడ్డాకే మెల్లగా మంచం దిగింది, స్నానం చేసింది, పనిలోకి వెళ్ళింది, నవ్వింది.

నవ్వడం దగ్గరే వచ్చింది చిక్కంతా. కాస్త గట్టిగా నవ్వితే ఎక్కువేమో అంటారు. నోరు మూసుక్కూచుంటే తక్కువేమో అంటారు. మరి సరిగ్గా ఎంత నవ్వాలో మాత్రం ఆ మహానుభావులు చెప్పరు.

"మానేశావు కదూ," భర్త మంచం అంచున కూచున్నాడు. గొంతు తగ్గించాడు. "ఒప్పుకో. నేనేం కోప్పడను."

"మానలేదు."

"రాత్రి ఒకటి అదనంగా కూడా వేశాను. అయినా తగ్గలేదంటే పాత మాత్రలన్నీ ఎక్కడ పారేస్తున్నావో చెప్పు."

"అదనంగా వద్దని అప్పుడే చెప్పాను కదండీ. డాక్టరమ్మని అడుగుదామన్నాను."

"అన్నావు. మళ్ళీ నువ్వే వేసుకున్నావు."

వేసుకుంది, నిజమే. ఎందుకు వేసుకుందో ఈయనకి ఎలా చెప్తుంది? గట్టిగా వద్దంటే మందు మానేసినట్టు రుజువైపోతుంది. ఏడిస్తే ఇంకో రుజువు. ఆమె ఏం చేసినా అది సాక్ష్యమే. అందుకే నోరు తెరిచి, మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, భయం భయంగా పడుకుంది. పక్కనే ఆయన గురకపెట్టి నిద్రపోయాడు.

"దాన్నిక వదిలెయ్యరా," వంటింట్లోంచి అత్తగారి గొంతు. "అన్నం పెట్టేశాను. రమ్మను."

"నువ్వూరుకో అమ్మా. అసలు నీవల్లే..."

అంతే, టక్కున ఆపేశాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. తల్లీకొడుకులు వంటింట్లో గుసగుసగా పోట్లాడుకుంటారు, ఆమె గుమ్మందాకా రాగానే ఇద్దరూ పాల గిన్నెలోకి చూస్తూ నిలబడతారు.

ఒకప్పుడు ఈ ఇంట్లో పోట్లాటంటే ముగ్గురిదీనూ. కుళాయి సరిగ్గా కట్టలేదని అత్తగారు కేకలేసేది. "మీ అబ్బాయిని అడగండి, ఆయన ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, ఇంట్లో కుళాయికి మాత్రం తీరికుండదు," అని కోడలు తిప్పికొట్టేది. సాయంత్రానికల్లా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని టీవీ చూసేవాళ్ళు. ఇప్పుడు అత్తగారు ఆమెని పల్లెత్తు మాటనదు. ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన దూరపు చుట్టంలా మాట్లాడుతుంది. ఆ మర్యాదే ఆమెని కాల్చుకు తింటోంది. తిట్టేవాళ్ళు లేని ఇంట్లో ఇంత ఒంటరిగా ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"నా ఫోనివ్వండి," అంది. నిన్నటినుంచీ అది ఆయన చొక్కా జేబులోనే ఉంది. "డాక్టరమ్మతో మాట్లాడాలి."

"మాట్లాడి?"

"రక్తపరీక్ష చేయించుకుంటాను. ఈ మందు ఒంట్లో ఎక్కువైతే చేతులు ఇలాగే వణుకుతాయని, నడక తూలుతుందని, వాంతులవుతాయని ఆవిడ చెప్పింది. పొద్దున రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఇది నా బుర్రలోది కాదండీ, ఒంట్లోది."

"పోయినసారి పరీక్షలో అంతా బాగానే ఉందిగా. అదే మాత్ర, అదే డోసు. ఉన్నట్టుండి ఎక్కువెందుకవుతుంది?" ఆయన తన పని భాషలోకి దిగాడు. "అదే మోటారు, అదే కరెంటు. లిఫ్టు నిన్నటికంటే ఎక్కువ బరువు ఎలా లాగుతుంది చెప్పు?"

ఆయనన్నదీ సబబుగానే ఉంది. మాత్ర మారలేదు. పనీ మారలేదు. మరి మారిందేమిటి?

"రా, తిను. రెండు ముద్దలు తింటే ఫోనిస్తాను," అని ఆయన చెయ్యి పట్టుకుని లేవదీశాడు. చెయ్యి మెత్తగానే పట్టుకున్నాడు, పాపం, ఆ మాట చెప్పుకోవాలి.

గదిలోంచి వంటింటికి ఎంత దూరమని? అయినా గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోయింది. కాళ్ళు ఎక్కడ వేస్తే అక్కడ పడటం లేదు. కుర్చీలో కూలబడేసరికి అత్తగారు అప్పటికే కంచం పెట్టేసింది. అన్నం మీద కూర వేసింది, పెద్ద గిన్నెలోంచి కాదు, పొయ్యి పక్కనున్న చిన్న గిన్నెలోంచి.

ఆ చిన్న గిన్నె నెలరోజులుగా ఆమెదే. "నీకు కారం తగ్గించి విడిగా తీస్తున్నానమ్మాయీ, కడుపులో చల్లగా ఉంటుంది," అని అత్తగారు మొదటిరోజే చెప్పింది. ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి ఆవేళ. తనకోసం ఈ వయసులో రెండు గిన్నెలు తోముతోందనుకుంది.

రుచి సంగతంటారా, లిథియం మొదలైనప్పట్నుంచీ నోట్లో ఏదో ఇనప ముక్క చప్పరిస్తున్నట్టుండేది. అది అలవాటైపోయింది. ఈ మధ్య కూర నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుంటే, నాలుక పూర్తిగా చచ్చిపోయిందనుకుంది. ఎవరితోనూ అనలేదు. అన్నం బాలేదని ఈ ఇంట్లో ఆమె అనగలదా? ఆ ఒక్క మాట తప్ప ఏదైనా అనొచ్చు.

నిన్న షాపులో మాత్రం ఒక తమాషా జరిగింది. కౌంటరు దగ్గర కూచునే ఆవిడ తన డబ్బాలోంచి ఒక ముద్ద తీసి, "అలా పీక్కుపోయావేంటే, తిను," అని బలవంతాన నోట్లో పెట్టింది. ఉప్పగా, కారంగా, పుల్లగా, అన్నీ తెలిశాయి. నాలుకకి ఏమీ కాలేదు. అంత రుచిగా అనిపించి ఆమెకి ఏడుపొచ్చింది. ఆ కాసేపటికే ట్రే పడటం, టాక్సీ, ఈ గొడవ, దాంతో ఆ సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పగా ఉంది. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదు."

"మరి తిను."

తినలేకపోయింది. మారిందేమిటన్న ప్రశ్నకి జవాబు కంచంలో ఉంది. కానీ అడిగితే? రెండేళ్ళ కిందట వీధిలో అరిచింది కూడా ఈ కూర గురించే. ఆ రోజు చుట్టుపక్కల వాళ్ళు తలుపుల దగ్గర నిలబడి చూశారు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్ళీ అదే మాట నోట్లోంచి వచ్చిందంటే ఇక ఆమె ఏం చెప్పినా వినే దిక్కుండదు. అడక్కపోతే ఈ వణుకు, ఈ తూలుడు ఎక్కడిదాకా పోతాయో తెలియదు.

"అత్తయ్యా," అంది, వీలైనంత మామూలుగా. "మనందరిదీ ఒకటే కూరా?"

గరిటె గిన్నెకి తగిలి ఆగింది. అత్తగారు వెనక్కి తిరగలేదు.

"మళ్ళీనా," అన్నాడు భర్త. కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ మొదలా? సరిగ్గా ఇలాగే మొదలుపెట్టావు అప్పుడు కూడా."

"అప్పుడు ఏదో కలిపారన్నానండీ. జబ్బుతో అన్నాను, తప్పే. ఇప్పుడలా అనడం లేదు."

"మరేమంటున్నావు?"

"కలపడం లేదేమో అంటున్నాను. ఉప్పు."

కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు.

"సరే. నేను తింటాను, చూడు," అని భర్త ఆమె కంచం తన ముందుకి లాక్కున్నాడు. పెద్ద ముద్దే కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె ఆయన ముఖంవైపే చూస్తోంది. చిటికెడు ఉప్పు తక్కువైతే కంచం ముందునుంచి లేచిపోయే మనిషి ఆయన. తల్లి చేతి వంటైనా సరే, పెళ్ళిలో వడ్డించిందైనా సరే, ముఖం మాడ్చుకోకుండా తిన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఆ కనుబొమలు ముడిపడతాయి, "ఇదేంటమ్మా, ఇందులో ఉప్పేదీ?" అంటాడు. ఆ ఒక్క మాట చాలు. ఈ ఇంట్లో తనవైపు ఒక మనిషి ఉన్నట్టే.

ఆయన నమిలాడు. మింగాడు. ముఖంలో ఏమీ కదల్లేదు.

"బాగానే ఉంది," అన్నాడు, కంచంవైపు చూస్తూ.

ఆమెకి అప్పుడర్థమైంది. ఆశ్చర్యపోవడానికి ఆయనకి కొత్తగా తెలిసిందేమీ లేదు.

"మీకు తెలుసు," అంది.

జవాబిచ్చింది అత్తగారు. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వాణ్ణేమీ అనకమ్మా. చేసింది నేనే. వాడితో చెప్పే చేశాను. నెల కిందట నువ్వు ఫోన్లో ఎవరితోనో పగలబడి నవ్వావు చూడు, ఆ రోజు నా గుండె జారిపోయింది. మళ్ళీ మొదలవుతుందేమోనని. ఉప్పూ కారం వేడి చేస్తాయని, ఉప్పు మాన్పిస్తే మనిషి నెమ్మదిస్తుందని మా రోజుల్లో అనేవాళ్ళు. నెమ్మదించావు కూడాను. ఈ నెలంతా ఎంత శాంతంగా ఉన్నావో."

"శాంతంగానా? ఓపిక లేక కదలకుండా కూచున్నాను అత్తయ్యా."

"నీ మంచి కోరే చేశానమ్మా."

"నన్నడగొచ్చుగా. నా నోట్లోకి పోయేది నన్ను అడగాలని ఒక్కరికైనా తోచలేదా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?" భర్త ఇప్పుడు తలెత్తాడు. "మందుంది చాలంటావు. అయినా ఉప్పేగా. విషమేం పెట్టలేదుగా. ఆ మాత్రం దానికి..."

"ఆ మాత్రం దానికే మీరు నా నోట్లో లైటు వేసి చూశారు."

"అరవకు. ఎక్కువవుతుంది."

"అరుస్తాను," అంది ఆమె. నిజంగానే గొంతు పెంచింది. "నెలరోజులు చప్పిడి కూడు పెడితే ఎవరైనా అరుస్తారు. మీరైతే రెండో పూటకే అరుద్దురు. అది జబ్బు కాదు." వణుకుతున్న చెయ్యి ముందుకు చాపింది. "ఫోనివ్వండి."

ఆ చెయ్యి అలా గాలిలో ఊగుతూనే ఉంది. ఆయన చాలాసేపు దానివంక చూసి, జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. చేతిలో పెట్టలేదు.

నంబరు నొక్కడానికి వేలు నిలవడం లేదు. తప్పు నొక్కి, చెరిపి, మళ్ళీ నొక్కింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. చెవి దగ్గర పట్టుకోలేక స్పీకర్‌లో పెట్టి బల్ల మీదే ఉంచింది.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. వణుకు ఎప్పట్నుంచి, నడక ఎలా ఉంది, వాంతులెన్నిసార్లు, నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా. ఆమె ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. రాత్రి అదనంగా వేసుకున్న మాత్ర గురించి చెప్పింది. ఎవరిచ్చారో చెప్పలేదు.

"ఇంకోటుంది డాక్టర్‌గారూ. నెలనుంచీ ఉప్పు లేని తిండి తింటున్నాను. నాకు తెలియదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"వినండి," అంది డాక్టరమ్మ, గొంతు మారింది. "ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు ఈ మందుని బయటికి పోనివ్వవు. లోపలే పట్టుకుంటాయి. మాత్ర అదే, డోసు అదే, అయినా రక్తంలో పేరుకుపోతుంది. ఉప్పూ నీళ్ళూ హఠాత్తుగా తగ్గించకూడదని మొదటిరోజే మీ వారికి చెప్పాను. మీరప్పుడు వినే స్థితిలో లేరు."

భర్త కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఆరోజు డాక్టరమ్మ చాలా చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు.

అత్తగారు గబగబా లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. మూత తీసి గుప్పెడు ఉప్పు తీసి కంచంలో వెయ్యబోయింది.

"ఇప్పుడు ఇంట్లో సొంత వైద్యాలేమీ చెయ్యొద్దు," డాక్టరమ్మ చూస్తున్నట్టే అంది. "ఉప్పు మింగితే తగ్గేది కాదిది. ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి. రక్తం చూడాలి, సెలైన్ పెట్టాలి. ఆలస్యం చేస్తే ఫిట్స్ రావచ్చు."

"మాత్ర ఆపితే మళ్ళీ ఎక్కువ వస్తుందా?" అడిగింది ఆమె. ఫిట్సన్న మాటకంటే దానికే ఎక్కువ భయపడింది.

"ఆపేది కొద్దిరోజులే. మేం కనిపెట్టుకునే ఉంటాం. రక్తంలో మందు తగ్గాక, ఎంత వెయ్యాలో చూసి మళ్ళీ మొదలుపెడదాం. మందు మీకు పడింది. తప్పు మందుది కాదు."

"పూర్తిగా మాన్పించేద్దాంరా," అత్తగారు కొడుకు చెవిలో అంది. "చూశావుగా, విషంలా ఉంది."

"మాననత్తయ్యా," అంది ఆమె, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, తల తిప్పకుండానే. "నన్ను మంచం దింపింది అదే. మీరిద్దరూ కాదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అత్తగారు డబ్బా గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకి జాలేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. నెలరోజులుగా తను మింగినవన్నీ చాలు.

భర్త బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పైగుండీ తప్పు కన్నంలో పెట్టాడు, అది కూడా చూసుకోలేదు.

"ఒంటరిగా బయల్దేరకండి, దారిలో పడిపోతారు," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మీ దగ్గర ఎవరున్నారు?"

ఆమె తలెత్తి చూసింది. ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. తాళాలు పట్టుకుని ఒకరు, ఉప్పు డబ్బా పట్టుకుని ఒకరు. ఆయన అడుగు ముందుకు వేసి, నేనున్నానని చెప్పు అన్నట్టు తలూపాడు.

"ఎవరూ లేరండీ," అంది.

"అయ్యో. సరే, అంబులెన్సు పంపిస్తాను. అడ్రసు చెప్పండి."

గుమ్మం దగ్గర ఆయన అలాగే ఆగిపోయాడు. ఆమె ఫోనుకి దగ్గరగా వంగి, నాలుక తిరక్కపోయినా ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, ఇంటి అడ్రసు చెప్పడం మొదలుపెట్టింది.